ఆత్మరక్షణము – రివాల్వరు

గుంటూరు మిర్చియార్డున సరకమ్మి, రొక్కముతో నొంటిగా నిల్లు చేరు రైతుపడతి రివాల్వరు కోరుట వింత గాదు. ఏ కొలత మేలనుటకు చట్టమే చాలవఱకు బదులు చెప్పుచున్నది. సైనికులు వాడు 9 మిల్లీమీటర్ల కొలత పౌరులకు సామాన్యముగా నిషిద్ధము; .32 అంగుళపు కొలత లైసెన్సుతో లభించును. చిన్నగుండగుటచే చేతికి తన్ను తక్కువ. 2014లో కాన్పూరు కర్మాగారము స్త్రీలకై వెలువరించిన ‘నిర్భీక్’ ఈ కొలతదే. బరువు సుమారు 500 గ్రాములు, వెల నాడు లక్షరూపాయలకు మించెను.

అభ్యాసము లేని చేతికి నే కొలతయు నక్కఱకు రాదు. పిల్లలున్న యింట తాళము వేయని తుపాకి మనవారికే కీడు.

తుపాకి లేకున్నను హక్కు గలదు. 2024 జూలై 1 నుండి యమలులోనున్న భారతీయ న్యాయసంహిత, చేతికందిన కఱ్ఱతోనైన నాపదకు దగినంత బలముతో నెదుర్కొన ననుమతించుచున్నది. మానభంగమునకు దలపడినవాడు ఆ పెనుగులాటలో మరణించినను 38వ సెక్షను స్త్రీని గాచును. గుండుకొలతకంటె ముం దీ హక్కుకొలత నెఱిగి, కూతుండ్రకును దెలుపుడు.