వద్దు అనే మాట మాకు మిగల్చండి

భారత ప్రభుత్వ పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ కార్యదర్శి గారికి,
వాణిజ్య భవన్, న్యూఢిల్లీ.

అయ్యా,

కృష్ణా జిల్లా ఉయ్యూరు నుంచి రాస్తున్నాను. పాతికేళ్లుగా ఫొటోలు తీయడమే నా వృత్తి. 2025 డిసెంబరు 8న మీ శాఖ ఏఐ మీద, కాపీరైట్ మీద ఒక వర్కింగ్ పేపర్ మొదటి భాగం బయటపెట్టింది. నాకు ఇంగ్లిషు అంతంతమాత్రం. డిగ్రీ చదివే మా అమ్మాయి రోజూ రాత్రి అన్నాలయ్యాక పక్కన కూర్చుని పేజీ పేజీ చదివి అర్థం చెప్పింది. ఒకచోట ఆగిపోయి, "నాన్నా, వీళ్లు మనల్ని అడగరంట. వద్దనడానికి కూడా లేదంట" అంది. ఆ మాట దగ్గరే నేనూ ఆగిపోయాను.

ఆ పేపర్ మీ శాఖ వేసిన కమిటీ రాసిందే కనుక అందులో ఉన్నది మీకు తెలియనిది కాదు. ఏఐ కంపెనీలు తమ యంత్రాలకు నేర్పడానికి మా పనులన్నీ వాడుకోవచ్చు, దానికి దేశమంతటికీ ఒకే తప్పనిసరి లైసెన్సు ఉంటుంది, వచ్చిన రాబడిలో ఇంత శాతమని ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి పంచుతుంది, ఆ రేటు ప్రభుత్వం వేసిన కమిటీ చెబుతుంది. ఇవ్వను అనే వీలు మాత్రం హక్కుదారుడికి ఉండదు. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ చివరి ముక్క గురించి చెప్పాలి.

నా సైటు 2013లో పెట్టాను. వీరమ్మ తల్లి తిరునాళ్ల, పుల్లేరు కాలువ, పెడన అద్దకం, దివిసీమ పడవలు, కూచిపూడి పిల్లలు, అన్నీ కలిపి పదకొండు వేల ఫొటోలు. పెళ్లి ఫొటోలు అందులో ఒక్కటీ లేవు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి తీయించుకున్నవాళ్లే హక్కుదారులని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది, ఆ మాట నేను ఏనాడూ మీరలేదు. సైటులో ఉన్నవి నా ఖర్చుతో, నా కాళ్లతో తిరిగి తీసినవి. వాటిని కాపాడుకోవడానికి ఈ పన్నెండేళ్లలో చేయనిది లేదు. మొదట రైట్ క్లిక్ పనిచేయకుండా చేయించాను. నెల తిరక్కుండానే తెలిసింది, స్క్రీన్‌షాట్ తీసేవాడికి రైట్ క్లిక్‌తో పనే లేదని. అసలు ఫొటో తెర మీద కనపడిందంటే అప్పటికే అది చూసేవాడి ఫోన్లోకి దిగిపోయినట్టే. దిగకుండా చూపించే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. మూలన పేరు వేశాను, కత్తిరించారు. నడిమధ్యన వేశాను, ఇప్పుడు దాన్ని చెరిపే యాప్‌లు ఉచితంగా దొరుకుతున్నాయి. సైజు ఎనిమిది వందల పిక్సెళ్లకు తగ్గించాను, ఫ్లెక్సీ మీద మసకగా ఉన్నా సరే వేసుకున్నారు. యంత్రాలు రాకూడదని సైటు గుమ్మంలో రోబోట్స్ ఫైలు పెట్టించాను. అది తలుపు కాదు, తలుపుకి తగిలించిన కాగితం. ఆగే మనసున్నవాడు చదివి ఆగుతాడు, లేనివాడు తోసుకుని వస్తాడు. షికాగో యూనివర్సిటీ వాళ్లు గ్లేజ్ అని, నైట్‌షేడ్ అని సాఫ్ట్‌వేర్లు తయారుచేశారు. మనిషి కంటికి తెలియనంత చిన్న మార్పులు బొమ్మలో చేసి యంత్రాన్ని తికమక పెడతాయి. నా పాత కంప్యూటర్ మీద పదకొండు వేల ఫొటోలకు అది పట్టించాలంటే ఎన్ని నెలలు పడుతుందో!

ఒక్క ఫొటో గురించి వివరంగా చెప్పనివ్వండి.

పెడనలో ఒక పెద్దాయన దగ్గర టేకుచెక్క నెమలి అచ్చు ఉంది. వాళ్ల నాన్న చెక్కింది. నెమలి మెడ దగ్గర చెక్క చిన్నగా చీలింది, వెంట్రుకంత. ఆ అచ్చు నల్లరంగులో ముంచి గుడ్డ మీద వేసి పిడికిలితో గట్టిగా ఒక్కటి కొడితే, మెడలో సన్నటి తెల్ల గీత పడుతుంది. ఆయన దాన్ని లోపమనుకోడు. "అది మా నాన్న వేలిముద్ర లాంటిది బాబూ" అంటాడు. కరక్కాయ రసంలో తడిపి ఆరేసిన గుడ్డ, దాని మీద ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు, పక్కన పటిక కలిపిన అద్దకం, ఆ తర్వాత కాలువలో జాడించడం, ఉడకబెట్టడం. ఒక చీర బయటికి రావడానికి ఎన్ని రోజులు, ఎన్ని చేతులు! ఆయన అనుమతితోనే ఆ అచ్చుని దగ్గరగా ఫొటో తీసి సైటులో పెట్టాను. రెండేళ్ల తర్వాత మా చెల్లెలు ఎక్కడో దూరపు ఊరి దుకాణం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న చీర కొనుక్కుంది. డిజిటల్ ప్రింటు. కట్టుకుని మా ఇంటికి వస్తే పైట మీద నెమలి కనపడింది. దగ్గరికెళ్లి చూశాను. మెడలో ఆ తెల్ల గీత ఉంది. చీర పొడుగునా ప్రతి నెమలికీ ఉంది. చెక్క చీలితే వచ్చిన గీతని చెక్కే లేని చోట అచ్చేశారు.

ఆ చీర తీసుకుని పెడన వెళ్లాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. నన్నేమీ అనలేదు. అననందుకే నాకు ఎక్కువ బాధ. ఫొటో నాదే, దారి నా సైటులోంచే తెరుచుకుంది.

చట్టం లేదా అంటారు. ఉంది, నేను చదివించుకున్నాను. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అది ఆ పేరుని కాపాడుతుంది, నెమలిని కాదు. పేరు వాడకుండా ప్రింటేసి అమ్మితే అడిగేవాడు లేడు. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేద్దామంటే కొత్త డిజైనే ఉండాలి, మహా అయితే పదిహేనేళ్లు. రిజిస్టరు చేయించుకోగలిగి ఉండి చేయించుకోని డిజైను వేసిన వస్తువు పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి తయారైతే ఆ డిజైను మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్. పిడికిలితో కొట్టే అద్దకం పారిశ్రామిక పద్ధతి కిందికి వస్తుందా, రాదా? నేనడిగిన లాయరు గారు కూడా తేల్చి చెప్పలేకపోయారు.

నా ఫొటో సంగతికి వస్తే, 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ, 65బీ సెక్షన్లు చేర్చారు. కాపాడుకోవడానికి పెట్టుకున్న సాంకేతిక కట్టడిని ఛేదించినా, ఫొటోలో పొదిగిన పేరు, వివరాలు తెలిసి తొలగించినా రెండేళ్ల దాకా జైలు. చదివితే ధైర్యంగానే ఉంటుంది. కానీ వాట్సాప్‌లో మామూలు ఫొటోగా ఒక్కసారి పంపితే చాలు, ఫొటోలో నేను రాసిపెట్టిన పేరూ తేదీ అన్నీ రాలిపోతాయి. అక్కడ తెలిసి తీసినవాడు ఎవడు? ఎవరి మీద కేసు పెట్టను? వేరేవాళ్ల సైటు నుంచి నా ఫొటో తీసేయమని ఫిర్యాదు చేస్తే ముప్పై ఆరు గంటల్లో ఆపాలి, నిజమే. ఇరవై ఒక్క రోజుల్లో నేను కోర్టు ఉత్తర్వు తేలేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. స్టూడియో మూసుకుని ఇరవై ఒక్క రోజులు మచిలీపట్నం కోర్టు చుట్టూ తిరిగే ఫొటోగ్రాఫర్లు మా రాష్ట్రంలో ఎంతమంది ఉంటారంటారు?

ఇన్ని లోపాలున్నా ఒకటి మాత్రం ఉండేది. దొంగ దొంగే, సొత్తు నాదే. ఫోన్ చేసి అడిగితే అవతలివాడు తడబడేవాడు. కొందరు క్షమించమన్నారు, ఒకాయన డబ్బు కూడా పంపాడు. నా నోట్లో "వద్దు" అనే మాటకి బలం తక్కువే కావచ్చు, విలువ ఉండేది. మీరిప్పుడు ఆ విలువనే తీసేస్తున్నారు.

చిన్నవాళ్లకు తమ పనిని ఎవరు వాడుతున్నారో కనిపెట్టే శక్తి లేదు, అందుకే తప్పుకునే హక్కు ఇచ్చినా వాడుకోలేరు అని మీ వాదన. మా అశక్తత నిజమే. నా తలుపుకి గొళ్లెం సరిగా పడటం లేదని చెబితే గొళ్లెం బాగుచేయించాలి గాని, తలుపు ఊడదీస్తారా? 2024 నవంబరులో ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. పెద్దవాళ్లు, లాయర్లున్నవాళ్లు, వెళ్లారు. మేం ఎక్కడికి వెళ్లాలి?

చట్టబద్ధంగా చేరుకోగలిగినవే వాడాలి అన్నారు కదా. రైట్ క్లిక్ ఆపి, రోబోట్స్ ఫైలు పెట్టి, నా పేరు వేసి ఉంచిన ఫొటోని తెర మీద చూడగలిగితే చాలు, చట్టబద్ధంగా చేరుకున్నట్టేనా? ఇప్పటికే తవ్వుకుపోయినదాని సంగతేంటి? కోట్ల బొమ్మల్లో నావి ఎన్నున్నాయో ఏ కంపెనీ చెబుతుంది, అడిగే హక్కు నాకుంటుందా? డబ్బు సంఘాల ద్వారా పంచుతామంటున్నారు. పాటలు రాసేవాళ్లకు ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది. ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డల్లో స్టూడియోలు నడిపేవాళ్లకు ఏ సంఘం ఉంది? ఆ నెమలి చెక్కిన ఆయన వాటా ఎవరి చేతికి వెళ్తుంది? గీత ఖరీదు ఎంత కడతారు?

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మీ కాగితంలో ఎక్కడా నాకు కనపడలేదు. ఏటా మాఘమాసంలో భీష్మ ఏకాదశి నుంచి పదిహేను రోజులు మా ఊళ్లో వీరమ్మ తల్లి తిరునాళ్ల. ఒక ఏడాది గండదీపం మోస్తున్న ఒక పెద్దావిడని ఫొటో తీశాను. దీపం వెలుగు గడ్డం కింది నుంచి పడుతోంది, కళ్లు మూసుకుని ఉంది. నేను తీసిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది. ఆవిడ పోయిన ఏడాదికి కొడుకు స్టూడియోకి వచ్చాడు. "ఎవరెవరో వాడుతున్నారండీ, అమ్మ మొహం అలా తిరగడం మాకు బాగోలేదు" అన్నాడు. అతను చూస్తుండగానే సైటులోంచి తీసేశాను, వాళ్లింటికి పెద్ద ప్రింటు ఒకటి వేసిచ్చాను. ఫొటోగ్రాఫర్‌కి హక్కు ఉంది కనుక ఆ మనిషికి మాటివ్వగలిగాను. రేపు ఆ మొహం ఒక యంత్రంలో కరిగిపోయాక కొడుకు వస్తే నేనేం చెప్పాలి? రాయల్టీ వస్తుందని చెప్పాలా?

ఫొటోలు తీసేవాళ్లం యంత్రాలంటే పడనివాళ్లం కాదు. రీలు పోయి డిజిటల్ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది, తట్టుకున్నాం, నేర్చుకున్నాం. అడిగితే ఇచ్చేవాణ్ని కూడా. పరిశోధన చేసే పిల్లలకు, బడి పుస్తకాలకు ఊరికే ఇచ్చినవి చాలా ఉన్నాయి. అడగకుండా తీసుకోవడం ఒక బాధ. అడగనక్కర్లేదని ప్రభుత్వమే రాసివ్వడం ఇంకో బాధ. రెండోది తట్టుకోలేకపోతున్నాను.

అభిప్రాయాలు చెప్పమని మొదట ముప్పై రోజులు గడువిచ్చారు. ఆ రోజుల్లో మా డెల్టాలో కోతలూ నూర్పిళ్లూ. పెడనలో అద్దకం వాళ్లకు ఆ కాగితం సంగతే తెలియదు, నేను వెళ్లి చెప్పేదాకా. చెప్పాక పెద్దాయన అడిగిన ప్రశ్న ఒకటే: "మనల్ని ఎవరైనా వచ్చి అడుగుతారా బాబూ?" కొత్తగా చెక్కుతున్న అచ్చు ఒకటి ఆయన ఒళ్లో ఉంది. నేను కెమెరా తీయబోతే దాని మీద తువ్వాలు కప్పాడు. "ఇది మాత్రం వద్దులే" అన్నాడు. కెమెరా సంచిలో పెట్టేశాను.

మీ అధికారులు ఒక్క రోజు మచిలీపట్నం దాకా రాగలరేమో చూడండి. పెడన అక్కడికి దగ్గరే. అచ్చులు చెక్కేవాళ్లు, అద్దేవాళ్లు, మా స్టూడియోల వాళ్లు అంతా వస్తాం. తెలుగులో మాట్లాడే మనిషిని ఒకరిని వెంట తెచ్చుకోండి.

ఇట్లు,
ఉయ్యూరు నుంచి
ఒక ఫొటోగ్రాఫరు