ప్రోబ్ చెప్పిందే వేదమా?

మా బోర్డు ఊరికే రీసెట్ అవుతోంటే "కరెంట్ బానే ఉంది, తప్పు మీ కోడ్‌దే" అని హార్డ్‌వేర్ వాళ్ళు తేల్చేశారు. (మనమేగా లోకువ!) రెండు రాత్రులు కోడ్ తిరగేశాక అనుమానమొచ్చి కరెంట్ ప్రోబ్‌నే పరీక్షించా. 1 నానోసెకనులో లేచే పల్సుని ఒక వైరులో పంపి, ఆ వైరుకి ప్రోబ్ తగిలించి, చివర స్కోప్ 50 ఓమ్ ఇన్‌పుట్‌కి కలిపా. వోల్టేజి చటుక్కున లేచింది. ప్రోబ్ మాత్రం తీరిగ్గా 35 నానోసెకన్లు తీసుకుంది. 0.35ని దాంతో భాగిస్తే 10 మెగాహెర్ట్జ్! స్కోపేమో 500. అసలు బ్యాండ్‌విడ్త్ 10 అంటేనే, అక్కడికి సిగ్నల్ దాదాపు 30 శాతం తగ్గిపోయిందని అర్థం. అయిదు నిమిషాల పరీక్ష చెయ్యకుండా ప్రోగ్రామర్ని ఆడిపోసుకోవడం ఏం న్యాయమండీ? పక్క ల్యాబు నుంచి 100 మెగాహెర్ట్జ్ ప్రోబ్ తెస్తే స్పైకు దొరికింది. సారీ మాత్రం ఇంకా రాలేదు.