చార్జర్‌ను నమ్మి నిద్రపోవద్దు

రిమోట్ కంట్రోల్ విమానాలు ఎగరేసేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. మంచి చార్జర్ కొంటే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందని. అంటుకునేవి చవక బ్యాటరీలేనని, పేరున్న ప్యాక్, స్క్రీన్ ఉన్న చార్జర్, ఒక ఫైర్‌ప్రూఫ్ సంచి ఉంటే రాత్రి చార్జింగ్ పెట్టేసి పడుకోవచ్చని కొత్తవాళ్లకు అనుభవజ్ఞులే చెబుతున్నారు. ఈ సలహా తప్పు. ఇల్లు కాలిపోయేంత తప్పు.

సెల్‌ఫోన్ అలవాటే దీనికి మూలం. ఏళ్ల తరబడి తలగడ పక్కనే ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటున్నాం, ఏమైంది అంటారు. ఫోన్ బ్యాటరీకి లోపలే ఒక రక్షణ సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజీ హద్దు దాటినా, కరెంట్ మితిమీరినా అదే లైన్ తెంచేస్తుంది. మోడల్ విమానాల లైపో (లిథియం పాలిమర్) ప్యాక్‌లకు మామూలుగా అది ఉండదు. బరువు తగ్గాలి, మోటార్ అడిగిన వెంటనే 30, 40 ఆంపియర్లు ఇవ్వాలి. అందుకే సెల్స్‌ను ఒకదానికొకటి కలిపేసి, రెండు లావు వైర్లు, సన్న వైర్ల కట్ట ఒకటి బయటికి తీసి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి అమ్ముతారు. ఫోన్‌కు ఏమీ కాలేదు కాబట్టి దీనికీ ఏమీ కాదనే వాదన ఇక్కడే కూలిపోతుంది.

మరి చార్జర్‌కు తెలిసేదెంత? వైర్లు చెప్పినంత, మనిషి సెట్ చేసినంత. లైపో సెల్ నిండితే 4.2 వోల్టులు. మూడు సెల్స్ ఉన్న 3ఎస్ ప్యాక్ 12.6 దగ్గర ఆగాలి. ఒక్కో సెల్ సంగతి విడివిడిగా చెప్పేది ఆ సన్న వైర్ల కట్టే, అంటే బ్యాలెన్స్ లీడ్. తొందరలో దాన్ని వదిలేసి లావు వైర్లే తగిలిస్తే చార్జర్‌కు కనిపించేది మొత్తం లెక్క ఒక్కటే. రెండు సెల్స్ 4.3 చొప్పున, మూడోది 4.0 ఉన్నా మొత్తం 12.6 అవుతుంది. స్క్రీన్ మీద ఏ తేడా కనిపించదు. లోపల మాత్రం రెండు సెల్స్ హద్దు దాటి ఉంటాయి. అలా దాటిన సెల్‌లో ఆనోడ్ మీద లిథియం లోహంగా పేరుకుంటుంది, ఎలక్ట్రోలైట్ విడిపోయి గ్యాస్ పుడుతుంది, ప్యాక్ ఉబ్బుతుంది. వేడి ఇంకా పెరిగితే కాథోడ్ పదార్థమే ఆక్సిజన్ వదులుతుంది. గాలి ఆడకుండా మూసేసినంత మాత్రాన ఆ మంట ఆరదు.

సెట్టింగ్ తప్పితే ఇంకా ఘోరం. బ్యాలెన్స్ లీడ్ లేకుండా 3ఎస్ ప్యాక్‌ను 4ఎస్ అని సెట్ చేస్తే చార్జర్ 16.8 వోల్టుల వైపు తోస్తుంది. అంటే సెల్‌కు 5.6. అంత దూరం పోకముందే ప్యాక్ మండుతుంది. మామూలు లైపోను హెచ్‌వీ (హై వోల్టేజీ) మోడ్‌లో పెడితే ప్రతి సెల్‌నూ 4.35 దాకా ఎక్కిస్తుంది. నికెల్ బ్యాటరీల మోడ్‌లో పెడితే చెప్పనే అక్కర్లేదు. ఎంత ఖరీదైన చార్జర్ అయినా తనకు ఇచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది.

సమయం ఆదా అవుతుందని ఒకే ప్యారలల్ బోర్డు మీద నాలుగైదు ప్యాక్‌లు తగిలించే పద్ధతి ఇప్పుడు మామూలైపోయింది. ఇందులోని ప్రమాదం చార్జర్ కంటికి అసలు ఆనదు. నిండిన 3ఎస్ ప్యాక్ పక్కనే సెల్‌కు 3.8 వోల్టులున్న మరో ప్యాక్ తగిలిస్తే రెంటి మధ్య తేడా 1.2 వోల్టులు. సెల్స్, వైర్లు, కనెక్టర్ల నిరోధం అంతా కలిపి 40 మిల్లీ ఓమ్‌లు అనుకున్నా తొలి క్షణాల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి 30 ఆంపియర్లు దూకుతాయి. 2200 ఎంఏహెచ్ ప్యాక్ అయితే అది 2.2 ఆంపియర్లతో ఎక్కాల్సింది. చార్జర్ స్టార్ట్ బటన్ నొక్కకముందే ఇదంతా జరిగిపోతుంది. ఒకే సెల్ లెక్క, సెల్‌కు 0.1 వోల్టు లోపు తేడా ఉంటేనే ప్యాక్‌లు కలపాలి. ముందు లావు వైర్లు తగిలించి, కాసేపు ఆగి, ఆ తర్వాతే బ్యాలెన్స్ లీడ్లు పెట్టాలి. ఓపిక లేకపోతే ఒక్కోటీ విడిగా పెట్టుకోవడమే మేలు.

"అన్నీ సరిగా సెట్ చేస్తే?" అని అడుగుతారు. దీనికి జవాబు పెద్ద విమానాల దగ్గరే దొరుకుతుంది. 2013 జనవరి 7న బోస్టన్ విమానాశ్రయంలో, ప్రయాణికులు దిగిపోయాక, జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787 విమానంలో లిథియం బ్యాటరీ అంటుకుంది. జనవరి 16న జపాన్‌లో ఇంకో 787 విమానం బ్యాటరీ పొగతో తకమత్సులో అత్యవసరంగా దిగింది. ఎయిర్ ఇండియా విమానాలతో సహా ప్రపంచంలోని 787లన్నీ నేలకు దిగాయి. కోటి గంటల ప్రయాణంలో ఒక్కసారి కూడా బ్యాటరీ నుంచి పొగ రాదని బోయింగ్ అంచనా వేసింది. లక్ష గంటలు నిండకుండానే రెండుసార్లు వచ్చింది. బోస్టన్ బ్యాటరీని పరిశీలించిన అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చిన విషయమే ఇక్కడ ముఖ్యం. ఆ బ్యాటరీ వోల్టేజీ హద్దు దాటలేదు. ఒక సెల్ లోపల షార్ట్ అయింది, ఆ వేడికి పక్క సెల్స్ అంటుకున్నాయి. 2013 ఏప్రిల్‌లో విమానాలను మళ్లీ ఎగరనిచ్చినప్పుడు బోయింగ్ చేసిన మార్పుల్లో పెద్దది బ్యాటరీని ఉక్కు పెట్టెలో పెట్టి, పొగ విమానం బయటికే పోయేలా గొట్టం వేయడం. ఎంత జాగ్రత్త పడ్డా ఎప్పుడో ఒక సెల్ తిరగబడవచ్చని ఒప్పుకుని కట్టిన పెట్టె అది. అంతటి సంస్థే ఒప్పుకున్న నిజాన్ని పడకగదిలో చార్జింగ్ పెట్టే మనిషి ఎందుకు ఒప్పుకోడు?

పడకగది మాట ఊరికే అన్నది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాద్ జిల్లాలోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు రాత్రివేళ పేలి, రెండు చోట్లా నిద్రలో ఉన్న మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జి గదులకు ఎక్కి 8 మంది ప్రాణాలు తీసింది. అవి పెద్ద బ్యాటరీలు, మనవి చిన్నవి అనేవాళ్లున్నారు. 2200 ఎంఏహెచ్ 3ఎస్ ప్యాక్‌లో 24 వాట్ అవర్లే ఉంటాయి, నిజమే. కానీ అది విడిచే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులుంటాయి. మంచం మీది పరుపు అంటుకోవడానికి ఆ ఒక్క ప్యాక్ చాలు. పైగా ఒక్క ప్యాక్‌తో ఆగే హాబీదారు అరుదు. షెల్ఫ్ నిండా ఉంటాయి.

రాత్రంతా పెట్టాల్సిన అవసరమైనా ఉందా అంటే, అదీ లేదు. 1సీ లెక్కన, అంటే ప్యాక్ సామర్థ్యానికి సరిసమానమైన కరెంట్‌తో, 2200 ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు పెడితే గంటకు కాస్త అటూఇటూగా నిండుతుంది. నిండిన ప్యాక్‌ను వాడకుండా రోజుల తరబడి ఉంచితే అదే పాడవుతుంది. నిల్వకు సెల్‌కు 3.8 వోల్టులే మంచివి. అందుకే చార్జర్లలో స్టోరేజ్ మోడ్ ఉంది. ఎగరేయబోయే పూట, మెలకువగా ఉండగా, కంటి ముందు చార్జ్ చేసుకోవాలి. పక్కన కూర్చున్న మనిషి గమనించేవి చార్జర్ గమనించలేదు. ప్యాక్ ఒకవైపు వెచ్చబడటం, తొడుగు బిగుసుకోవడం, తియ్యగా ఘాటుగా ఒక వాసన రావడం, 2200 ప్యాక్‌లోకి 2400 ఎక్కినా ఇంకా ఆగకపోవడం. ఇందులో ఏది కనిపించినా వెంటనే ఆపేయాలి. మన ఎండల సంగతి వేరే చెప్పాలా? మే నెలలో ఎగరేసి దించిన ప్యాక్‌ను వేడివేడిగా కారు డాష్‌బోర్డు మీద చార్జింగ్ పెట్టేవాళ్లున్నారు. అది చేతికి చల్లగా తగిలేదాకా, నీడలో, ఆగాల్సిందే. కింద పడిన ప్యాక్‌నైతే పైకి బాగానే కనిపించినా ఆ రోజు ఇంట్లోకే తేకూడదు.

ఫైర్‌ప్రూఫ్ సంచి మీద కూడా అతి నమ్మకం పెరిగింది. నిప్పురవ్వలను కొంత ఆపుతుంది కానీ, పొగను ఆపదు, మూత సందులోంచి ఎగదన్నే మంటనూ ఆపదు. వసారాలోనో డాబా మీదో నీడపట్టున, సిమెంటు ఇటుకల మధ్య, చుట్టూ కాలేదేమీ లేకుండా పెట్టడం అంతకంటే నయం. లిథియం కాబట్టి నీళ్లు పోయకూడదనే మాట ఇంకో అపోహ. ఈ బ్యాటరీల్లో లోహపు లిథియం దాదాపు ఉండదు. విమానంలో ఫోన్ అంటుకుంటే నీళ్లు పోసి చల్లార్చమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ విమాన సిబ్బందికి చెబుతోంది. ముందు గోడ దగ్గర ప్లగ్ పీకేయాలి, తర్వాత దూరం నుంచి ధారాళంగా నీళ్లు కొట్టాలి. పక్క సెల్స్ చల్లబడితేనే మంట ఆగుతుంది. అది చేతకాని పరిస్థితిలో తలుపు మూసి, అందర్నీ బయటికి పంపి, 101కి ఫోన్ చేయాలి.

ఈ మాటలు హాబీదారులకే పరిమితం కావు. 2023లో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలనుకుంది. పొలాల్లో మందు కొట్టే డ్రోన్‌కు వాడే 6ఎస్ 16,000 ఎంఏహెచ్ ప్యాక్‌లో 355 వాట్ అవర్లుంటాయి. మన 3ఎస్ ప్యాక్‌కు పద్నాలుగు రెట్లకు పైనే. వాటిని చార్జ్ చేసేది పల్లెలో, ధాన్యం బస్తాలు, పిల్లలు ఉండే ఇంట్లో. డ్రోన్ అందించే రోజునే ఇంటి బయట సిమెంటు గూడు, నీళ్ల ఏర్పాటు, చార్జింగ్ జరిగినంతసేపూ దగ్గరుండే మనిషి ఎవరన్నదీ తేల్చి, ఆ తర్వాతే తాళం చేతికివ్వాలి.