దుకాణంలోంచి లేచి రావాలంటే

బీసెంట్ రోడ్డు నిండా ఆషాఢం తగ్గింపు బోర్డులు వేలాడుతున్నాయి. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి కొట్లవాళ్ళు ధర తగ్గిస్తారు. శ్రావణంలో వచ్చే నోములకీ పెళ్ళిళ్ళకీ మనం ఇప్పుడే కొనిపెట్టుకుంటాం. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది: "మేడమ్, పెళ్ళికి బట్టలు కొనుక్కోవాలి. మావాళ్ళందరితో వెళ్ళనా, ఒక్కర్తినే వెళ్ళనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి బీరువా తెరిచి, ఏ చీర ఎవరితో వెళ్ళి కొన్నానో ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను.

అడుగు అరలో మామిడిపండు రంగు పట్టుచీర ఒకటుంది. మొదటి ఉద్యోగంలో ఆరు నెలలు దాచుకున్న డబ్బుతో కొన్నది. ఆ రోజు నా వెంట ఇద్దరు స్నేహితురాళ్ళు, పిన్ని, మేనత్త వచ్చారు. నేను నేరేడుపండు రంగు చీర మీద చెయ్యి వేశాను. "నీ ఛాయకి నప్పదే" అంది అత్తయ్య. పిన్ని ఔనంది. స్నేహితురాళ్ళూ తలూపారు. రెండు నిమిషాల్లో నాకూ అది నప్పదనే అనిపించింది. మామిడిపండు రంగు చీరని ఇరవై ఏడేళ్ళలో మూడుసార్లు కట్టాను. ఆ నేరేడు రంగు మాత్రం ఇవాళ్టికీ కళ్ళ ముందుంది.

వాళ్ళలో ఎవరికీ నా మీద ప్రేమ తక్కువ కాదు. నలుగురూ ఒకే మాట మీద ఉంటే మనిషికి తన కళ్ళ మీదే నమ్మకం పోతుంది. 1950ల మొదట్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశాడు. కొన్ని గీతలు చూపించి, పొడవులో ఏది దేనికి సమానమో చెప్పమన్నాడు. గదిలో ఒక్కరు తప్ప అందరూ ముందే కూడబలుక్కుని తప్పు జవాబు చెప్పేవాళ్ళు. సంగతి తెలియని ఆ ఒక్క మనిషి, ఎదురుగా కనిపిస్తున్న గీతని కాదనుకుని, సగటున మూడింట ఒకసారి వాళ్ళ మాటే అన్నాడు. గుంపులో ఒకే ఒక్కరు నిజం చెప్పినా ఆ తప్పులు బాగా తగ్గిపోయాయి. గీతల దగ్గరే ఇలా ఉంటే రంగుల సంగతి వేరే చెప్పాలా?

అందుకే బట్టలకి గుంపుగా వెళ్ళవద్దంటాను. వెళ్తే ఒక్కరితో వెళ్ళాలి. ఆ ఒక్కరు ఎలాంటివాళ్ళన్నది ఇంకా ముఖ్యం.

చీరల కొట్టులో మనల్ని లొంగదీసేది మొహమాటం. తెల్ల పరుపు మీద కూర్చోబెడతారు. మంచినీళ్ళో కూల్‌డ్రింకో వస్తుంది. "కొనకపోయినా పరవాలేదమ్మా, చూడండి" అంటూ ఆ అబ్బాయి ఒక్కొక్కటే దించి, మడతలు విప్పి, పమిట తన భుజం మీదే వేసుకుని చూపిస్తాడు. ముప్ఫై చీరలు గుట్టపడ్డాక లేచి రావడానికి మనసొప్పదు. ఇంత శ్రమపడ్డాడు కదా, ఏదో ఒకటి తీసుకుందాం అనుకుంటాం. ఆ ఏదో ఒకదానికి నాలుగు వేలో ఎనిమిది వేలో ఖర్చవుతుంది.

అతని మీద జాలి మంచిదే. పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి చేసే ఉద్యోగం అది. కేరళలో బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. కానీ మనకి అక్కర్లేని చీర కొన్నంత మాత్రాన అతని కాళ్ళనొప్పి తగ్గదు. కూర్చోగానే ఏ రకం కావాలో, ఎంతలో కావాలో చెప్పేస్తే అతను దించేవీ తగ్గుతాయి, తిరిగి మడతపెట్టేవీ తగ్గుతాయి.

తోడొచ్చిన మనిషి ఈ మొహమాటాన్ని తగ్గించాలి. చాలామంది రెట్టింపు చేస్తారు. నా కోసం మధ్యాహ్నమంతా పాడుచేసుకుంది, ఉత్త చేతులతో ఎలా వెళ్తాం అనుకుని మరోటి కొంటాం.

నాకొక స్నేహితురాలుంది. ముప్ఫై ఏళ్ళ సావాసం మాది. ఆమెతో కొట్టుకి వెళ్ళినప్పుడల్లా సగంసార్లు ఏమీ కొనకుండానే బయటికొచ్చాం. నేను చీర చేతిలోకి తీసుకుంటే, బాగుందనీ బాగాలేదనీ ముందుగా అనదు. "ఎక్కడికి కడతావు?" అని అడుగుతుంది. నేను తడబడితే అర్థమైపోతుంది, ఆ చీర కట్టుకునే చోటు నాకు లేదని. తరవాత చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి నడుస్తుంది. లోపల దీపాల కింద నెమలికంఠం రంగులా మెరిసింది పగటి వెలుతురులో వట్టి నీలంగా తేలడం నేనెన్నిసార్లు చూశానో. పోచంపల్లి ఇక్కత్ అని చూపిస్తే తిరగేస్తుంది. పోగుకి ముందే రంగు అద్ది నేసినదైతే రెండువైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. గుడ్డ మీద అచ్చువేసిందైతే వెనకవైపు వెలవెలబోతుంది. పట్టో కాదో అనుమానం వస్తే, కొట్టువాళ్ళని అడిగి కొంగు చివర ఒక పోగు తీసి వెలిగిస్తుంది. అసలు పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టిపూసలా మిగులుతుంది. ఇవన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే.

అలాంటి మనిషి అందరికీ దొరక్కపోవచ్చు. దొరకనివాళ్ళు చీరకి ఉన్న గుర్తుల్నయినా చూసుకోవాలి. అసలు పట్టుకి సిల్క్ మార్క్ 2004 నుంచి ఉంది, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ 2006 నుంచి ఉంది. ఆ చీటీ చూపించమని అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

రెడీమేడ్ బట్టల దగ్గర మాత్రం నా సలహా వేరు. వాటికి ఒక్కరే వెళ్ళాలి. ఒక కంపెనీ ఎల్, ఇంకో కంపెనీ ఎమ్‌తో సమానంగా ఉంటుంది. మన ఒళ్ళకి తగిన కొలతల పట్టిక మనకంటూ లేకపోవడం వల్లే నిఫ్ట్ సంస్థ ఇండియా సైజ్ పేరుతో సర్వే చేపట్టి, హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని కొలిచే పని పెట్టుకుంది. అందువల్ల ట్రయల్ రూమ్‌లో తొందరపడకూడదు. కుర్తా వేసుకుని చేతులు పైకెత్తి చూడాలి, ప్యాంటు వేసుకుని కింద కూర్చుని లేవాలి. బయట ఎవరైనా ఎదురుచూస్తున్నారంటే ఈ పని సగంలో ఆపేస్తాం. "అయిందా?" అన్న పిలుపుకి, భుజం దగ్గర పట్టేస్తున్న జాకెట్టు కూడా సరిపోయినట్టే అనిపిస్తుంది. ఇంకో సైజు కావాలంటే అక్కడ పనిచేసే అమ్మాయి తెచ్చిస్తుంది. మగవాళ్ళకీ ఇదే మాట చెబుతాను.

వీడియో కాల్‌ని నేను తోడు కింద లెక్కవేయను. డల్లాస్‌లో ఉన్న అక్కకి అర్ధరాత్రి వేళ అమీర్‌పేట కొట్టులోంచి చీర చూపించే చెల్లెళ్ళు చాలామందున్నారు. ఆ ప్రేమని కాదనను. ఫోను కెమెరా మాత్రం రంగుని తనకి తోచినట్టు మార్చేస్తుంది, బట్ట బరువూ మెత్తదనమూ అక్కడికి చేరవు.

మర్నాడు ఆ అమ్మాయికి ఇలా చెప్పాను. మధుపర్కాలకీ పెట్టుబడి చీరలకీ పెద్దవాళ్ళ వెంట వెళ్ళు. ఎవరికి ఏవి పెట్టాలో వాళ్ళకి తెలుసు, ఆ సరదా వాళ్ళది కూడా. రిసెప్షన్ చీరకి ఒకే ఒక్క స్నేహితురాలిని తీసుకెళ్ళు, నిన్ను ఉత్త చేతులతో బయటికి తీసుకురాగలిగినదాన్ని. ఆఫీసుకి వేసుకునేవి నువ్వొక్కర్తివే కొనుక్కో.

చెప్పాక మా అమ్మ గుర్తొచ్చింది. అరవై ఒకటో ఏడు దాకా అమ్మ తన చీర తాను కొనుక్కోలేదు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతానికి తీసుకెళ్తానన్న రోజున నాకు ఆఫీసులో పని పడింది. డబ్బు చేతికిచ్చాను. అమ్మ ఒక్కర్తే బస్సెక్కి వెళ్ళి, రెండున్నర గంటల తరవాత ఒకే ఒక్క చీరతో తిరిగొచ్చింది. గచ్చకాయ రంగు మంగళగిరి నూలు చీర, సన్నటి నిజాం అంచు. మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ ఆమెకి కొనని రంగు. "ఈ రంగంటే నీకిష్టమా?" అన్నాను. "పెళ్ళికి ముందు నుంచీ" అంది. మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమని అడిగాను. "మీ నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ తెచ్చేది. ఆ తరవాత నువ్వు తెచ్చేదానివి" అంది అమ్మ, చీరకి ఫాల్ కుట్టుకుంటూ.

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. నన్ను నేరేడు చీర వదిలేయమన్న పెద్దవాళ్ళ మీద ఇన్నేళ్ళూ కినుక పెట్టుకున్న నేను, అమ్మ విషయంలో అదే పని చేశాను, ప్రతి పండక్కీ, ప్రేమతోనే.

ఈ శ్రావణానికి మీ అమ్మగారికి చీర కొనిపెట్టకండి. డబ్బు చేతికిచ్చి ఆవిడనే వెళ్ళమనండి. నడవడం కష్టమైతే కొట్టు గుమ్మం దాకా దిగబెట్టండి, లోపలికి మాత్రం వెళ్ళకండి. ఎంతసేపు పడితే అంతసేపు బయటే ఉండండి.