గింజ దాచింది మనం, సంతకం ఎవరిది?



జీవవైవిధ్యాన్ని ప్రజలతో కలిసి కాపాడుతామని 2002లో చట్టం చేసిన్రు. ఊరికో కమిటీ అన్నరు. ఊళ్లోని చెట్టు, పశువు, విత్తనం, మందాకు అన్నీ రాసేందుకు ఓ రిజిస్టరు అన్నరు. బాగనే ఉంది. మరి ఆ కమిటీలో ఎవరున్నరు?

2004 నిబంధనల్లో అధ్యక్షుడు కాక ఆరుగురి దాకా సభ్యులుండేది. అందులో ఎస్సీ, ఎస్టీలు 18 శాతానికి తగ్గొద్దని రాసిన్రు. నేను పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఆరుగురిలో 18 శాతమంటే ఒకటి దాటుతుంది. ఒక్కరు చాలరు, ఇద్దరుండాల్సింది. మీ ఊళ్లో ఇద్దర్ని తీసుకున్నరా? తీసుకున్నా మాట్లాడనిచ్చిన్రా, వేలిముద్ర వేయించుకొని పంపిన్రా?

విత్తనం సంగతి ఎవరికెరుక? జహీరాబాద్ దిక్కు చూడండి. పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్లు సంఘాలు కట్టి జొన్న, కొర్ర, సామ, కంది గింజల్ని బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన్రు. లేనోళ్లకు విత్తనం బదులిచ్చిన్రు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. లోకానికి కనబడ్డ ఆ చదువు ఊరి పెద్దలకు కనబడదా?

2023లో చట్టం సవరించిన్రు. కమిటీలో ఎవరుండాలో తేల్చే పని రాష్ట్ర సర్కార్లకు పోయింది. అక్కడ మన వాటా గట్టిగా అడగాలె. ఇక్కడ గ్రామసభకు పోవాలె. రిజిస్టరు తెచ్చి అందరి ముందు చదవమనాలె. మనం దాచిన గింజ అందులో లేకున్నా, మనల్ని అడగకుండా రాసుకున్నా లేచి నిలదీయాలె.

గింజ మనది, కష్టం మనది. పెత్తనంలో కూడా మన పాలు మనకు రావాలె.

జై భీమ్!