చెత్తను వేరుచేసే చేతులు ఎవరివి?

ఏటా జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినోత్సవం పేరిట, మన కార్యాలయాల్లో ఒక తంతు జరుగుతుంది. ఒక ఉపన్యాసం, ఒక ప్రతిజ్ఞ, మొక్క పక్కన ఫొటో, ఆపైన కాగితపు కప్పుల్లో తేనీరు. సాయంత్రానికి ఆ కప్పులు, మిగిలిన ఉప్మా, చిత్తుకాగితాలు, అయిపోయిన బ్యాటరీలు ఒకే నల్లసంచిలో చేరతాయి. ఉద్యోగులకు అవగాహన కల్పించామని యాజమాన్యం తృప్తి పడుతుంది. ఇది అవగాహన కాదు, ఆత్మవంచన.

మనం వేరుచేయని చెత్త అలాగే కలిసి ఉండిపోదు. మరొకరి చేతులు దాన్ని వేరుచేస్తాయి. అవి తరచు తొడుగులు లేని పారిశుద్ధ్య కార్మికుల చేతులు. ఆ సంచిలో, భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకున్న ఉద్యోగి పారవేసిన సూది కూడా ఉంటుంది. హెపటైటిస్-బి రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా పొందనివారికి వ్యాధి సోకే అవకాశం 6 నుంచి 30 శాతమని వైద్యగ్రంథాలు చెబుతాయి. హెచ్.ఐ.వి. విషయంలో అది సుమారు 0.3 శాతమే. ఇవి ఆసుపత్రి ప్రమాదాల లెక్కలు. సన్నని ఇన్సులిన్ సూదితో ముప్పు ఇంతకన్నా తక్కువ కావచ్చు. అయితే హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. తక్కువ ముప్పునైనా జీతం తక్కువవారి మీదకు నెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

"మా ఉద్యోగులకు తెలియదు, నేర్పాలి" అంటారు కొందరు. నేను అంగీకరించను. ఇదే ఉద్యోగి ఇంట్లో దినపత్రికల మీద చారు ఒలకనివ్వడు. మడతపెట్టి, కట్టకట్టి, పాతపేపర్లు కొనేవాడికి తూకం వేసి అమ్ముతాడు. పాలప్యాకెట్లు కడిగి దాచే ఇళ్లు ఎన్ని లేవు? వేరుచేయడం మనకు తరతరాలుగా తెలిసిన విద్యే. కార్యాలయంలో కొరవడినది జ్ఞానం కాదు, బాధ్యత. చేతికందే దూరంలో, ప్రతి బల్లకింద ఒక బుట్ట పెట్టి, అన్నీ అందులోనే వేయమని ఆహ్వానిస్తున్నది యాజమాన్యమే.

"మనం వేరుచేసినా లారీలో అన్నీ కలిపేస్తారు కదా" అన్నది రెండో వాదన. ఆ లోపం నిజమే కావచ్చు. అది మన నిర్లక్ష్యానికి అనుమతిపత్రం కాదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలుగా పుట్టినచోటే విడదీయాలన్నాయి. వాడిన సూదులను, బ్యాటరీలను, ట్యూబులైట్లను మూడో వర్గంలో చేర్చాయి. 5,000 చదరపు మీటర్లకు మించిన సంస్థలు తడిచెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో, గ్యాసుగానో మార్చుకోవాలని కూడా చెప్పాయి. ఆవరణలోనే ఎరువైనది లారీ ఎక్కదు. శుభ్రంగా ఉన్న కాగితం, అట్ట నేరుగా పాతసామాను వ్యాపారికి చేరతాయి; కూరనూనె అంటితే ఎవరూ కొనరు. గట్టి సీసాలో మూసిన సూది, లారీలో ఎంత కలిసినా, ఎవరి చేతినీ గుచ్చదు.

తడిచెత్త గుట్టల్లో కూరుకుపోతే గాలి అందక మీథేన్ వెలువడుతుంది. మురుగురసం నేలలోకి ఇంకుతుంది. హైదరాబాదు చెత్త చేరే జవహర్‌నగర్ పరిసరవాసులను అడగండి, ఆ గాలి ఎలా ఉంటుందో చెబుతారు.

కనుక ముందుగా పాఠం నేర్చుకోవలసినది యాజమాన్యం. బల్లకింది బుట్టలు తీసివేయండి. ప్రతి అంతస్తులో ఒక్కచోట, పెద్ద తెలుగు అక్షరాలతో, తడికి ఆకుపచ్చ, పొడికి నీలం డబ్బాలు ఉంచండి. సూదులకు మూత బిగిసే దళసరి ప్లాస్టిక్ సీసా, బ్యాటరీలకు వేరే డబ్బా పెట్టండి. కాగితపు కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని మామూలు కాగితంతో కలిపి తిరిగి వాడుకోవడం కష్టం. స్టీలు గ్లాసులు కొనండి. పొరుగుసేవల కార్మికులకు తొడుగులతో పాటు హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు మీ ఖర్చుతో వేయించండి. ఆ షరతు లేని కాంట్రాక్టు మీద సంతకం చేయకండి.

ఇవన్నీ చేసిన తరువాత ఉద్యోగులకు ఉపన్యాసం ఇవ్వండి. అప్పుడు దానికి అర్థం ఉంటుంది. ఆ సభలో ముందు వరుస కుర్చీలు మీ చెత్త ఎత్తేవారికి కేటాయించండి. సంచిలో ఏముంటుందో వారికన్నా బాగా చెప్పగలవారు ఆ భవనంలో లేరు.