సాక్షులెక్కడ అని అడిగే పెద్దలకి

ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూడిక. ఒకామె చెంప కమిలి ఉంది. కొంగు సర్దుకుని, ‘మా ఆయన కోసం ప్రార్థన చెయ్యండమ్మా’ అంది. అందరం కళ్ళు మూసుకున్నాం. నేనూ మూసుకున్నాను. ప్రార్థన ముగిసేసరికి కొట్టినవాడు ప్రార్థనాంశం అయ్యాడు, దెబ్బ తిన్నామె విధేయత నేర్చుకోవాల్సిన భార్య అయింది. అతను ఆ సంఘంలో పెద్ద. పై వారం కానుకల సంచి పట్టుకుని ఎప్పట్లాగే మా మధ్య తిరిగాడు.

విశ్వాసులు ఒకరికొకరు జవాబుదారులని ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. కానీ లెక్క ఒప్పజెప్పాల్సింది ఎప్పుడూ కిందివాళ్ళే. ఆడపిల్ల కట్టిన బట్టకి, ప్రేమించిన కులానికి, కూడికకి రాని ఆదివారానికి సంజాయిషీ అడుగుతారు. పెద్దల చేతుల్ని ఎవరూ అడగరు.

మనం అడిగితే లేఖనం చూపిస్తారు. మత్తయి సువార్త 18వ అధ్యాయం: తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. సమానుల మధ్య మంచి పద్ధతే. కొట్టినవాడితో ఒంటరిగా మాట్లాడమంటే మాత్రం ఆమెని రెండో దెబ్బకి పంపడమే. మొదటి తిమోతి 5వ అధ్యాయాన్నీ ఇలాగే వాడుకుంటారు. పెద్ద మీద ఆరోపణకి ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్న 19వ వచనం అందరికీ కంఠతా వచ్చు. పాపం చేసేవాళ్ళని అందరి ఎదుటా గద్దించమన్న 20వ వచనం దగ్గర పుస్తకం మూతపడుతుంది. పడకగదిలో పడ్డ దెబ్బకి సాక్షులెక్కడ దొరుకుతారు?

ఇంటి గుట్టు కోర్టుకెక్కితే సువార్తకి మచ్చ అంటారు. అంతియొకయలో పేతురుని పౌలు అందరి ముందే నిలదీశాడు. దానివల్ల సువార్తకేం మచ్చ పడింది?

1869 నాటి విడాకుల చట్టంలో క్రైస్తవ స్త్రీకి భర్త క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, దానికి వ్యభిచారం కూడా తోడవ్వాలి. 2001లో పార్లమెంటు దాన్ని సవరించింది. మన సంఘాలు ఇంకా 1869లోనే ఉన్నాయి. 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. సంతోషమే. అయితే ఒక స్త్రీ పీఠమెక్కినంత మాత్రాన చెంప కమిలిన స్త్రీ మాట చెల్లుబాటు కాదు.

సంఘంలో విచారణ కమిటీ ఉండాలి. అందులో సగానికి మించి స్త్రీలు, సంఘంతో సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి. విచారణ తేలేదాకా ఆరోపణ ఎదుర్కొంటున్న పెద్ద పరిచర్య నుంచి తప్పుకోవాలి. 2005 గృహహింస చట్టం గురించి ముందు ఆమెకి చెప్పాలి, ప్రార్థన తర్వాత. ఆ రోజు కళ్ళు మూసుకున్నందుకు నేనూ ఆమెకి జవాబుదారునే.